అర కిలోమీటరు దూరంలో లేని ఇల్లు

దెయ్యాల మీద నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. సరిగ్గా చెప్పాలంటే, నమ్మేవాళ్ళ మీద నాకు గౌరవం లేదు. ఇలాంటి అనుభవాలు రాసేవాళ్ళంతా "నేనూ మీలాగే నమ్మేవాణ్ణి కాదు" అంటూ మొదలుపెడతారు. ఆ మాట కనిపించగానే నేను పేజీ తిప్పేసేవాణ్ణి. ఇవాళ అదే మాటతో మొదలుపెట్టాల్సి వచ్చినందుకు నాకేమీ సంతోషంగా లేదు.

మాది ఒంగోలు దగ్గర. ఖతార్ వచ్చి పదకొండేళ్ళయింది. దోహాలో అల్ మన్సూరాలో ఒక ఫ్లాటు, అందులో నలుగురం. మిగతా ముగ్గురూ డిగ్రీలు ఉన్నవాళ్ళే. ఒకడు అకౌంటెంటు, ఒకడు ల్యాబ్‌లో, ఒకడు బ్యాంకులో. అయినా సెలవు వస్తే చాలు, భోజనాల దగ్గర ఫోన్లు తీసి ఎవరో పంపిన దెయ్యాల వాయిస్ మెసేజీలు పెట్టుకుని వింటారు. ఖాళీ విల్లాలో గిన్నెలు తోముతున్న చప్పుడట. లిఫ్టులో అత్తరు వాసనట. నేను కంచం తీసుకుని వంటగదిలో నిలబడి తినేవాణ్ణి.

నా ఉద్యోగం గురించి రెండు ముక్కలు చెప్పాలి. కేబుల్ వేయడం కుదరని చోటికి రేడియోతో ఇంటర్నెట్ అందిస్తాం. అందుకు ఈ చివర యాంటెన్నాకీ ఆ చివర యాంటెన్నాకీ మధ్య దారి తెరిపిగా ఉండాలి. ఇల్లు గానీ క్రేన్ గానీ అడ్డం రాకూడదు. ముందు మ్యాపు మీద, కంప్యూటర్లో చూస్తాం. తర్వాత వెళ్ళి కళ్ళతో చూస్తాం. ఈ రెండో పని ఎగ్గొట్టి ఏసీ గదిలో కూర్చుని సంతకాలు పెట్టే ఇంజినీర్లు ఈ ఊళ్ళో చాలామంది ఉన్నారు. వాళ్ళ గురించి నా అభిప్రాయం ఇక్కడ రాయను.

కళ్ళతో చూడటానికి మా దగ్గర పాత పద్ధతి ఒకటుంది. ఇద్దరు మనుషులు, రెండు అద్దాలు. ఒకరు టవర్ మీద, ఒకరు అవతలి మిద్దె మీద. సూర్యుడి వెలుగును అద్దంతో అవతలివాడి వైపు తిప్పాలి. వెలుగు కనపడితే దారి ఉన్నట్టు. ఇందులో అనుమానానికి తావు లేదు, ఎందుకంటే దారి రెండువైపులా ఒకటే. నీ వెలుగు నాకు కనపడితే, నా వెలుగు నీకు కనపడి తీరాలి. నా పదకొండేళ్ళ పనంతా ఈ ఒక్క మాట మీద నిలబడి ఉంది.

టవర్ మీదికి ఎక్కేది మల్లేశం. జగిత్యాల వైపు పల్లె. యాభైకి దగ్గర పడిన మనిషి, నాకంటే పెద్దవాడు. పద్నాలుగేళ్ళుగా అతనికి టవర్లు ఎక్కడమే పని. ఇంటివాళ్ళు ఇప్పటికీ అతను దుబాయ్‌లో ఉన్నాడనే అనుకుంటారు, అతనూ సరిదిద్దడు. అదొక్కటి చాలు, అతని గురించి నేనొక అంచనాకి రావడానికి. పని మాత్రం శుభ్రంగా చేసేవాడు. కార్ల అద్దాలు కూడా ఎండలో మెరుస్తాయి కాబట్టి, మనదేదో తెలియాలని మూడు మెరుపులు, కాస్త ఆగి రెండు మెరుపులు అనే గుర్తు పెట్టింది అతనే. మా ఇద్దరికీ తప్ప ఇంకెవరికీ ఆ గుర్తు లేదు.

అది డిసెంబరు. అల్ రువైస్‌లో పడవలు ఆగే రేవు దగ్గర ఒక చేపల కోల్డ్ స్టోరేజీ. ఒంటి అంతస్తు. అక్కడికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న టవర్ నుంచి లింకు ఇవ్వాలి. నేల అంతా చదును. కంప్యూటర్లో ఏ అడ్డమూ లేదు. ఉదయం పది గంటలు, చల్లటి గాలి, దుమ్ము లేదు. మల్లేశం టవర్ ఎక్కాడు. నేను కోల్డ్ స్టోరేజీ మిద్దె మీద నిలబడ్డాను. నా పక్కన అక్కడి స్టోర్‌కీపరు ఉన్నాడు. మనవాడే, కాకినాడ వైపు. అతను చూడటానికే వచ్చాడు.

మూడు మెరుపులు, ఆగి రెండు. స్పష్టంగా కనిపించాయి. స్టోర్‌కీపరుకి బైనాక్యులర్స్ లేకుండానే కనిపించాయి. నేను నా అద్దం తిప్పి అదే గుర్తు ఇచ్చాను. ఫోన్ స్పీకర్లో పెట్టి, చూశావా అని అడిగాను.

"కనబడుతలేదు సార్" అన్నాడు మల్లేశం. "నడుమ ఇల్లున్నది."

ఏ ఇల్లు అన్నాను.

"మీ దిక్కే, మీకు దగ్గర్నే, అర కిలోమీటరుంటది. రెండంతస్తులు. ప్లాస్టరింగ్ గాలే, ఇటుకలు కనబడుతున్నయి. మీరు ఆ ఇంటి ఎనుక పడ్డరు."

నేను ముందుకి చూశాను. నాకూ టవర్‌కీ మధ్య ఖాళీ నేల. ప్లాట్ల హద్దు రాళ్ళు, ఎండిన పొదలు, అంతే. అర కిలోమీటరు దూరంలో ఇల్లుంటే చూడటానికి దుర్భిణి అక్కర్లేదు. దిక్సూచి ఎంత చూపిస్తోందో చదవమన్నాను. చదివాడు. ఉండాల్సిన అంకే. మళ్ళీ చూడమన్నాను. టవర్ మీద అతని దగ్గర ఒంటికన్ను పెద్ద దుర్భిణి ఉంది, మూడు కాళ్ళ చిన్న స్టాండుతో.

"ఇంటి మీద ఒక మనిషి నిలవడ్డడు సార్. నెత్తి మీద నీలం తువాల. తడిపి వేసుకున్నట్టున్నది, నీళ్ళు కారుతున్నయి. నా దిక్కే చూస్తున్నడు." అంతలోనే మళ్ళీ అన్నాడు, "చెయ్యి లేపిండు."

స్టోర్‌కీపరు కిసుక్కున నవ్వాడు. అతను నవ్వడం నాకు నచ్చింది, అందుకే ఇంకా గట్టిగా మాట్లాడాను. చలికి నేను జాకెట్ వేసుకుని నిలబడితే తడిగుడ్డ నెత్తిన వేసుకునే పిచ్చివాడెవడో చెప్పమన్నాను. పొద్దున్నే ఏం తాగి ఎక్కావని అడిగాను.

"నేను తాగనని మీకెరుకే గద సార్" అన్నాడు. అంతే. కోపం తెచ్చుకోలేదు.

దుర్భిణికి ఫోన్ ఆనించి ఫోటో తీసి పంపమన్నాను. పంపాడు. ఫోటోలో ఖాళీ నేల, దాని వెనక కోల్డ్ స్టోరేజీ, మిద్దె మీద చుక్కలా నేను. ఇల్లు లేదు. నీ ఫోటో నువ్వే చూసుకో అన్నాను. చూసుకున్నాడు. తర్వాత "దిగుతున్న సార్" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆ ఖాళీ స్థలం దగ్గర కారు ఆపించి, అతన్ని దింపి, ఆ నేల మీద నడిపించాను. ఏదీ ఇల్లు, చూపించు అన్నాను. డ్రైవరు చూస్తుండగానే. మల్లేశం ఆ చివర నుంచి ఈ చివరకి నడిచి వచ్చి కార్లో కూర్చున్నాడు.

రిపోర్టులో దారి తెరిపిగా ఉందని రాశాను. రిమార్కుల దగ్గర ఇంకో వాక్యం రాశాను. ఇతని చూపు మీదా మనసు మీదా అనుమానం ఉంది, ఎత్తు పనులకి పంపవద్దు అని. కంపెనీ అతన్ని అల్ సద్‌లో ఒక క్లినిక్‌కి కంటి పరీక్షకి పంపింది. చూపు బ్రహ్మాండంగా ఉందని వచ్చింది. ఆ కాగితం నా టేబుల్ మీదికి కూడా వచ్చింది. నేను ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. మేనేజరు ఎందుకొచ్చిన గొడవని టవర్ ఎక్కే కార్డు తీసేసుకుని, అతన్ని కేబుళ్ళు పూడ్చే గ్యాంగులో వేశాడు. పద్నాలుగేళ్ళు ఆకాశంలో పనిచేసినవాడు కందకంలోకి దిగాడు.

లింకు బాగా నడిచింది. నేను చెప్పిందే నిజమని ఆ లింకే సాక్ష్యం అనుకున్నాను. అసలు అనుకోవడం కూడా కాదు, మర్చిపోయాను.

ఏడాదిన్నర తర్వాత సిగ్నల్ కొద్దికొద్దిగా పడిపోవడం మొదలైంది. ముందు తేమ అన్నాను. తర్వాత గాలికి యాంటెన్నా కదిలిందన్నాను. టవర్లెక్కే కొత్త రిగ్గర్లని రెండుసార్లు పంపి, వాళ్ళకి పని రాదని తిట్టాను. ఒకరోజు లింకు పూర్తిగా ఆగిపోయింది. అది మే నెల. నేనే వెళ్ళాను.

కోల్డ్ స్టోరేజీ మిద్దె ఎక్కగానే కనిపించింది. సరిగ్గా అర కిలోమీటరు ముందు ఒక ఇల్లు. మట్టి పోసి ఎత్తు చేసిన నేల మీద రెండంతస్తులు, పైన మెట్ల గది. ప్లాస్టరింగ్ కాలేదు. టవర్ దాని వెనక్కి పోయింది.

స్టోర్‌కీపరు నా వెనకే వచ్చి నిలబడ్డాడు. "ఆ రోజు ఆయన చెప్పిన ఇల్లు ఇదే కాదాండీ?" అన్నాడు.

ఈ దేశంలో ఖాళీ స్థలం ఉంటే ఎప్పుడో ఒకప్పుడు ఇల్లు లేస్తుందని, అది చెప్పడానికి జ్యోతిషం అక్కర్లేదని అన్నాను. నేను అప్పటికి నిజంగానే అలా అనుకుంటున్నాను. అడ్డం ఎంత ఎత్తుందో కొలవాలి కాబట్టి ఆ ఇంటికి వెళ్ళాను.

పదకొండు దాటింది. ఎండ మొహాన కొడుతోంది. హెల్మెట్ కార్లో మర్చిపోయాను. కింద గోడ కడుతున్న మేస్త్రీ బెంగాలీ మనిషి. నా బట్టతల చూసి, తొట్టిలో ఒక తువ్వాలు ముంచి, పిండకుండానే నా నెత్తిన కప్పాడు. మామూలుగా అయితే పరాయివాళ్ళ తువ్వాలు నేను ముట్టను. ఆ ఎండకి ముట్టాను. రంగు చూశానా అంటే, చూశాను. నీలం. అయినా నాకేమీ తట్టలేదు. ఇది నేను నిజాయితీగా చెబుతున్నాను. ఆ క్షణాన మల్లేశం నా మనసులో లేడు.

మెట్ల గది పైకి ఎక్కి ఎత్తు కొలిచాను, రాసుకున్నాను. తర్వాత టవర్ వైపు తిరిగి బైనాక్యులర్స్ పెట్టాను.

టవర్ నడిమి మెట్టు మీద నుంచి మూడు మెరుపులు వచ్చాయి. ఆగి, రెండు.

నా చెయ్యి దానంతటదే లేచింది. ఏళ్ళ తరబడి అలవాటు. అద్దం చేతిలో లేనప్పుడు, చూశాను అని చెప్పడానికి చెయ్యి లేపుతాం. లేపిన చెయ్యి తువ్వాలుకి తగిలి, చల్లటి నీళ్ళు మోచేతి మీదుగా చొక్కాలోకి కారాయి. అప్పుడు తట్టింది. ఇటుకల ఇల్లు, పైన మనిషి, తడి నీలం తువ్వాలు, లేచిన చెయ్యి.

పిట్టగోడ పట్టుకున్నాను. మళ్ళీ బైనాక్యులర్స్ పెట్టాను. టవర్ మీద ఎవరూ లేరు. మెరుపూ లేదు.

ఇంటి దగ్గర నుంచి టవర్‌కి కారులో పది నిమిషాలు పట్టింది. కంచె గేటుకి తాళం ఉంది. కాపలాదారు తన గదిలో నుంచి బయటికి వచ్చాడు. తాళం చెవి అతని దగ్గరే ఉంటుంది, రిజిస్టర్‌లో రాయకుండా ఎవరినీ వదలడు. ఆ వారంలో ఎవరూ రాలేదని రిజిస్టర్ చూపించాడు. ఇక్కడ ఎవరైనా అద్దం లాంటిది పెట్టారా అని అడిగాను. నా మొహం చూసి నీళ్ళ సీసా ఇచ్చాడు. టవర్ కింద నిలబడి పైకి చూశాను. మెరిసేది ఏదీ లేదు, అన్నీ మసకబారిన తెల్లటి డిష్షులు.

ఫ్లాట్‌లో చెప్పలేదు. చెబితే ఆ ముగ్గురూ మాట పూర్తికాకముందే నమ్మేస్తారు. నమ్మేవాళ్ళతో నాకు పనిలేదు. నాకు కావలసింది నన్ను పట్టుకుని కడిగేసేవాడు, అలాంటివాడు ఆ ఫ్లాట్‌లో నేనొక్కణ్ణే.

కాబట్టి నేనే నన్ను కడిగాను. ఎండమావి అంటారని నాకు తెలుసు, మీకంటే ముందు నేనే అన్నాను. ఎండమావి ఉన్నదాన్ని చోటు మార్చి చూపిస్తుంది, ఇంకా కట్టనిదాన్ని చూపించదు. అక్కడ ఇల్లు రాబోతోందని మల్లేశం ఎవరి దగ్గరైనా విన్నాడా అని వాకబు చేశాను. ఆ స్థలాన్ని ఇప్పటి యజమాని కొన్నదే మా సర్వే తర్వాత. తువ్వాలు యాదృచ్ఛికం అనుకుందాం. ఆ మెరుపులు ఎండదెబ్బ అనుకుందాం. ఒక్కొక్కటీ విడిగా తోసేయగలను. ఇల్లు, తువ్వాలు, లేచిన చెయ్యి, మెరుపులు, నాలుగూ కలిపి తోసేయడానికి ఎంత నిర్లక్ష్యం కావాలో అంత నా దగ్గర కూడా లేదు.

శుక్రవారం మధ్యాహ్నం మల్లేశం ఉండే కూలీల క్యాంపుకి వెళ్ళాను. నేను క్యాంపుల్లోకి వెళ్ళేవాణ్ణి కాదు. కుళాయిల దగ్గర డ్యూటీ బట్టలు ఉతుక్కుంటున్నాడు. నన్ను చూసి చేతులు తుడుచుకుని వచ్చాడు. గదిలో ఎనిమిది మంది ఉన్నారని, బయట మెట్ల మీద కూర్చోబెట్టి, ఫ్లాస్కులో నుంచి చాయ్ పోశాడు. ఏడాదిన్నరలో మెడ, చేతులు ఇంకా నల్లబడ్డాయి.

నేను జరిగిందంతా వరసగా చెప్పాను. సిగ్నల్, ఇల్లు, మేస్త్రీ, తువ్వాలు, మెరుపులు, తాళం వేసిన గేటు. అతను మధ్యలో ఒక్కసారే మాట్లాడాడు.

"చెయ్యి లేపిన్రా?"

లేపానన్నాను. తల ఊపాడు. గ్లాసు కింద పెట్టాడు.

"ఆ పొద్దు మీకు ఒక ముచ్చట చెప్పలే సార్. ఆ మిద్దె మీది మనిషి మీరే. దుర్భిణిల మంచిగ కనబడ్డరు. ఫోన్ల తిట్టేది మీరే, ఆడ నిలవడ్డది మీరే. ఎట్ల చెప్పాలె? చెప్తె ఇంకింత తిడ్తరని ఊకున్న."

నేనెలా ఉన్నానని అడిగాను.

"చెయ్యి లేపినంక మీ మొకం మారింది. గోడ పట్టుకున్నరు. మిమ్మల్ని అట్ల నేనెన్నడు చూడలే." గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "మీకు ఏమన్న అయితదేమోనని నాకు రెండు రోజులు బువ్వ పోలే సార్. కారు దిగి ఆ జాగల నడిచినప్పుడు గూడ అదే చూసిన. మీరు పడే జాగ ఏడనన్న ఉన్నదేమోనని."

ఆ రెండు రోజుల్లోనే నేను రిపోర్టు రాశాను. రిమార్కు రాసింది నేనే అని చెప్పాను. ఎందుకో తెలియదు, చెబుతున్నప్పుడు అతన్ని మీరు అన్నాను.

"ఎరుకే" అన్నాడు. "కాయితం మీద మీ సంతకం ఉండె."

నా గ్లాసులో ఇంకొంచెం చాయ్ పోశాడు. తిడితే బాగుండేది.

మరుసటి రోజు ఆఫీసుకి వెళ్ళి, ఆ రిమార్కు వెనక్కి తీసుకుంటున్నానని, అతని చూపులో లోపం ఎప్పుడూ లేదని రాసి ఇచ్చాను. కారణం అడిగితే, అతను చెప్పిన అడ్డం నిజంగానే ఉంది అన్నాను. మేనేజరు కాగితం తేదీ చూసి, ఇల్లు కట్టిన తేదీ చూసి, నన్ను చూశాడు. అదివరకు నేను ఎంతమందిని అలా చూశానో. అయినా కార్డు తిరిగి ఇచ్చాడు. లింకుని ఇంకో మిద్దె మీదుగా తిప్పి నడిపించాం.

కార్డు నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. మల్లేశం దాన్ని తిప్పి చూసుకున్నాడు. దాని మీద పాత ఫోటో. మళ్ళీ నా చేతిలో పెట్టాడు.

"ఇగ ఎక్కను సార్."

ఎందుకని అడిగాను. మళ్ళీ అలాంటిది జరగదని చెప్పబోయి, ఏ ఆధారంతో చెబుతానని ఆగిపోయాను.

"మీరైతె గోడ పట్టుకుని నిలవడ్డరు, మంచిగనే ఉన్నరు" అన్నాడు. "పైకి పోయినంక ఒకనాడు మా ఇంటోళ్ళెవలన్న ఆపదల కనబడ్డరనుకో. నేనేం జెయ్యాలె?"

కార్డు జేబులో పెట్టుకుని వచ్చేశాను. అతను కేబుళ్ళ గ్యాంగులోనే ఉన్నాడు. నేను ఇప్పుడూ టవర్ల మధ్య దారులు చూస్తున్నాను, వేరే రిగ్గర్లతో.

ఆ డిసెంబరు ఉదయం అతని వెలుగు నాకెలా కనిపించిందో, నా వెలుగు అతనికెందుకు కనిపించలేదో నాకు తెలియదు. ఏడాదిన్నర తర్వాత తాళం వేసిన టవర్ మీద అద్దం ఎవరు తిప్పారో తెలియదు. దయచేసి ఎవరూ నాకు వివరణలు పంపవద్దు, అవన్నీ నేను రాసుకుని కొట్టేసినవే. మల్లేశం గురించి నేను రాసిన రిమార్కు తప్పు. ఈ మొత్తంలో నేను సంతకం పెట్టి చెప్పగలిగింది ఆ ఒక్కటే.